తువ్వాలు మాటున కిరాయి

ఆ ఉదయం బీదరు మంగళ్‌పేటలోని ఆ ఇంటి గడప దాటినవారు, దాటిన క్రమంలో, వీరు. మొదట ఇళ్ల దలాలి సంసోను. అతని వెనుక, విత్తనాల కంపెనీలో కొత్తగా ఉద్యోగంలో చేరి నిజామాబాదునుంచి వచ్చిన ఈశ్వర్. ఆయన వెనుక, ఫోనుమీదినుంచి చూపు ఎత్తకుండా, గడప ఎత్తును కాలితో తడుముకుంటూ ఆయన భార్య మధులిక. అందరికన్న చివర, పక్క వాటాలో ఉండే ఇంటి యజమానురాలు హేబ్సిబా. తన ఇంట్లోకి తానే చివరగా అడుగుపెట్టడంలో ఆమెకు చిన్నతనమేమీ తోచలేదు. గడప లోపల అప్పటికే ఉన్నవాడు ఒక్కడు: ఆ మధ్యాహ్నమే ఇల్లు ఖాళీచేసి చింతకిలోని కూతురి ఇంటికి తరలిపోనున్న పాత కిరాయిదారు మొగులప్ప. కట్టిన మూటల నడుమ చెక్కపీట మీద కూర్చుని, వచ్చినవాళ్లను సంతకు తోలుకువచ్చిన గొడ్లను చూసినట్టు కాళ్లనుంచి తలదాకా చూశాడు.

సంసోను అప్పటికే పాఠం మొదలుపెట్టాడు.

“గాలి చూడుండ్రి సార్, గాలి! ఫ్యాను పెట్టుకుంటె పెట్టుకుండ్రి, లేకుంటె లేదు. ఇది బోరు నీళ్ల ఇల్లు గాదు మేడం, బావి నీళ్లు. కందిపప్పు ఇట్ల పొయ్యి మీద పెడితె అట్ల ఉడుకుతది. మీ తక్లీఫ్ సగం పాయె.”

ఈ గాలీ, ఈ పప్పూ అతడు చూపించే ప్రతి ఇంటిలోనూ ఉండేవి. కిటికీ లేని ఇంట్లోనూ గాలి చూడమనేవాడు. బావి పూడ్చి మరుగుదొడ్డి కట్టిన ఇంట్లోనూ అతని పప్పు ఉడికేది. అరవై దగ్గరపడిన మనిషి. జుట్టుకు పట్టించిన నల్లరంగు చెవుల పైఅంచులకు కూడా అంటుకుని ఉండేది. మెడ సన్నం, చొక్కా కాలరు వెడల్పు. తల తిప్పినా కాలరు తిరిగేది కాదు. మాట్లాడేటప్పుడు ఎదుటివారి ముఖం కాక చెప్పులు చూసేవాడు. చెప్పులనుబట్టి మనిషి ఎంత కిరాయి కట్టగలడో తేల్చడమే అతని విద్య. మరే విద్యా అతనికి అబ్బలేదు.

ఆ ఒక్క ఇంటి విషయంలో మాత్రం అతని పాఠం నిజం. ఎర్రరాతి గోడలు మండువేసవిలోనూ చల్లగా ఉండేవి, వెనుక పెరటి బావి నీరు తియ్యన. అయితే ఆ నిజాన్ని పరీక్షించవలసినవారికి ఆ తీరిక లేకపోయింది. ఈశ్వర్ గోడను తాకి చూడలేదు. మధులిక బావిలోకి తొంగిచూడలేదు. ఎదుట నిలిచిన ఇంటిని వదిలి, ఆ ఇంటి బొమ్మను అరచేతిలో పెట్టుకుని పరిశీలించే జాతి ఒకటి హైదరాబాదు ఉబ్బుతున్నకొద్దీ తానూ ఉబ్బుతూ వచ్చింది. అది జహీరాబాదు దాటి బీదరు చేరడానికి ఎంతో కాలం పట్టలేదు.

“అంకుల్,” అన్నది మధులిక, “ప్రైస్ హిస్టరీల ఇదేంది?”

తెర మీద ఒక గీత ఉన్నది. కిరాయి ఇళ్లను చూపించే ఆ వెబ్‌సైటులో ప్రతి ఇంటి బొమ్మ కిందా, ఆ ఇంటికి ఏ ఏడు ఎంత కిరాయి పలికిందో గీతగా గీసి లోకమంతటికీ ప్రదర్శించేవారు. ఆ గల్లీ ఇళ్ల గీతలన్నీ మెట్లెక్కుతూ పోతుండగా ఈ ఇంటి గీత ఒక్కటే ఏటేటా ఒక్కొక్క మెట్టు దిగుతూ వచ్చింది.

“హైదరాబాద్‌ల కిరాయిలు డబల్ అయినయ్. ఈడ పక్కింటిది పెరిగింది, ఎదురింటిది పెరిగింది. ఇదొక్కటే దిగుతాంది. ఈ ఇంట్ల ఎవరన్న సచ్చిపోయిండ్రా? ఏమన్న ఉన్నదా ఈడ?”

“ఉన్నది,” అన్నాడు మొగులప్ప పీట మీదినుంచి. “నేనున్న.”

ఈశ్వర్ నవ్వబోయి, భార్య నవ్వకపోవడం చూసి మానుకున్నాడు.

“నేనే బేరం చేసి తగ్గించిన బిడ్డా,” అన్నాడు ముసలాయన, మోకాలి మీద అరచేత్తో చరుచుకుంటూ. “గొడ్ల సంతల నా చెయ్యి పట్టినోడు గెలిచి పోయింది లేదు. ఈ హేబ్సిబమ్మ ఎంత, పాపం! ఏటేటా ఏడిపించిన.”

హేబ్సిబా తలుపు పక్కన నిలబడి కొంగు సవరించుకున్నది.

“ఎంత బేరం చేస్తె మాత్రం, ఏటేటా తగ్గిస్తరా ఎవరైనా?” అన్నది మధులిక.

“మేము గూడ గదే అడుగుతున్నం తల్లీ.” ఈ మాట ఎదురింటి రాచమ్మది. ముసలాయనకు వీడ్కోలు చెప్పే నెపంతో గిన్నెడు మజ్జిగ పట్టుకుని ఆమె వాకిట్లోకి వచ్చి చాలాసేపయింది. “మాకు గిట్ల తగ్గించే మాలక్ దొర్కలే. రాసిపెట్టి ఉండాలె గావచ్చు. ఈమె ఒంటిది, ఆయన ఒంటోడు. మాకేమెరుక తల్లీ, ఫోన్ల చూపిస్తున్నరు గనుక చూస్తున్నం.”

రాచమ్మకు చదువు రాదు. కోడలు ఫోనులో చూపించిన గీతను చూసింది, అంతే. చదువు రానివారికి సైతం అర్థమయ్యేలా గీయడమే ఆ కంపెనీ ప్రజ్ఞ. వారం రోజులుగా ఆ గీత మంగళ్‌పేట గల్లీలలో చేతులు మారుతూ, మారిన ప్రతి చేతిలోనూ కొంత మసి పూసుకుంటూ తిరుగుతున్నది. కుండమూతికి మూకుడు పెట్టవచ్చు గాని ఊరి నోటికి పెట్టలేము. ఆ మసి తన మీదికి కూడా వస్తున్నదని తెలియనివాడు మొగులప్ప ఒక్కడే. ఆయన రాచమ్మ మాటలను తన బేరపు నైపుణ్యానికి మెప్పుగా స్వీకరించి, మజ్జిగ తాగి మీసం తుడుచుకున్నాడు.

“మేము టిఫిన్ చేసి, రెండు మూడు ఇళ్లు చూసుకొని మల్ల వస్తం,” అన్నాడు ఈశ్వర్. “అప్పటికి ఈ ముచ్చటేందో కనుక్కొని చెప్పుండ్రి అంకుల్. ఇల్లు బాగనే ఉన్నది. కని ఇట్లాంటి మచ్చ ఉన్న ఇంట్లకు ఫ్యామిలీని ఎట్ల తెస్త?”

*

గీతను లోకానికి ఎక్కించినది సంసోనే.

అంతకుముందు బీదరులో ఇంటి కిరాయి దలాలి నాలుక మీద మాత్రమే ఉండేది. యజమానికి ఒక మాట, కిరాయిదారుకు ఒక మాట, పొరుగువాడికి ఇంకొక మాట చెప్పి, ఆ మూడు మాటల సందుల్లో సంసోను బతికాడు. మిషను బోర్డింగులో చదువు సగంలో ఆపాడు. ఒక మందుల దుకాణంలో కొన్నాళ్లు, ఒక లారీ ఆఫీసులో కొన్నాళ్లు పనిచేశాడు. రెండుచోట్లా అతడు మానేసిన సంగతి ఎవరూ వెంటనే గమనించలేదు. పెళ్లయిన కొద్దికాలానికే భార్య దీనా జబ్బుచేసి పోయింది. పిల్లలు లేరు. ఇతరుల ఇళ్ల తాళంచెవులు జేబులో మోగించుకుంటూ తిరగడమే అతని సంసారం. చర్చి సంఘంలో అతనికి ఒక స్థానం ఉండేది. ఏదైనా వస్తువు కనిపించకపోతే అందరూ ముందుగా అతనివైపు చూసేవారు. అతడు దొంగ కాడు. దొంగకు ఉండవలసిన ధైర్యం కూడా అతనికి లేదు. అయినా చూసేవారు.

అటువంటివాణ్ణి హైదరాబాదునుంచి మెడలో గుర్తింపుకార్డు వేలాడేసుకుని వచ్చిన ఒక కుర్ర ఉద్యోగి హోటల్లో కూర్చోబెట్టి, చాయ్ ఇప్పించి, ఫోటో తీసి, తమ వెబ్‌సైటులో ఏజెంటుగా పెట్టాడు. పేరు పక్కన ఒక ఆకుపచ్చ టిక్కు. ఈ మనిషిని మేము విచారించాము, ఇతణ్ణి నమ్మవచ్చునని దాని అర్థం. పుట్టినది మొదలు సంసోనును నమ్మవచ్చునని వ్రాతపూర్వకంగా అన్నవారు లేరు. అతడు ఆ టిక్కును పాలవాడికి చూపించాడు, మంగలికి చూపించాడు, కమఠాణలో ఉన్న చెల్లెలికి బస్సెక్కి పోయి చూపించాడు. ప్రతి ఇంటి పాత కిరాయిలూ పంపమని కంపెనీ అడిగితే, ట్రంకుపెట్టెలోని పాత అగ్రిమెంట్లన్నీ పూనకం వచ్చినవాడిలా ఫోటోలు తీసి ఎక్కించాడు. భేష్ అని ఒక బొటనవేలి బొమ్మ వచ్చింది. దాన్నీ నలుగురికి చూపించాడు.

ఆ అగ్రిమెంట్లలో హేబ్సిబా ఇంటివీ ఉన్నవి. పదకొండు నెలలకొక అగ్రిమెంటు. అవి కుదిరే తీరు వేరే.

మొగులప్ప పశువుల సంతలో దలాలి. ఆ సంతలో ధర బయటికి పలకడం అమర్యాద. ఇద్దరి చేతుల మీదా ఒక తువ్వాలు కప్పి, దాని మాటున వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు. చుట్టూ వందమంది ఉన్నా ఎద్దు ఎంతకు పోయిందో ఆ రెండు చేతులకే తెలుస్తుంది. ఓడినవాడి ఓటమి కూడా తువ్వాలు కిందనే ఉండిపోతుంది. మోకాళ్లు పోయి, దున్నే ఎద్దులూ పోయి, సంత తనకు దూరమైన తరువాత మొగులప్పకు మిగిలిన బేరం ఏడాదికొక్కటి, ఈ ఇంటి కిరాయిది. విధవరాలి చెయ్యి పట్టరాదు గనుక నడుమ సంసోను. ముసలాయన అరుగు మీద కూర్చుని, తువ్వాలు కప్పి, సంసోను అరచేతిలో వేళ్లు నొక్కేవాడు. సంసోను వంటింట్లోకి పోయి ఆ ధర హేబ్సిబా చెవిన వేసేవాడు. “నా నోట్ల మన్ను గొడుతుండ్రు! ఆడిదాన్ని చేసి ముంచుతుండ్రు!” అని ఆమె అరుగు దాకా వినిపించేలా వాపోయేది. ఆ వెంటనే గొంతు తగ్గించి, మొగులప్ప అడిగినదానికన్న తక్కువ చెప్పి, దానికి కుదర్చమనేది. సంసోను బెట్టు చేసినకొద్దీ ముసలాయన పంతంతో ఇంకా కిందికి నొక్కి, ఆ ధర దగ్గర గెలిచి, మీసం దువ్వుకుని, గల్లీ అంతా ఒకసారి తిరిగివచ్చేవాడు.

ఆమెకు మతి చలించిందని సంసోను నిశ్చయించుకున్నాడు. తన దలాలి డబ్బు తాను తీసుకుని పోయేవాడు. ఎందుకని అడగాలని అన్నేళ్లలో ఒక్కసారీ తోచలేదు. చెప్పులు చూసేవాడికి ముఖాలు చూసే అలవాటు ఉండదు కదా.

*

హేబ్సిబా తన వంటింట్లో జొన్నరొట్టె చరుస్తున్నది, మొగులప్ప ప్రయాణానికి. పొడుగాటి మనిషి, వంగని వీపు, ఎముకలు తేలిన మణికట్లు. సంసోను గడప ఇవతలే నిలబడ్డాడు.

“అక్కా, ఇజ్జత్ పోతాంది.”

“ఎవరిది?”

“నీది. నాది గూడ అనుకో.”

“నీకెప్పుడుండె?”

“తమాషా గాదక్కా. ఏటేటా ఎందుకు తగ్గించినవ్? ఆయన అడిగినదానికన్న తక్కువ చెప్పమంటివి. నీకు పిచ్చి లేసిందనుకున్న. నాకు చెప్పు, ఆ నిజామాబాదోళ్లకు నేను సదురుకొస్త.”

ఆమె రొట్టెను పెనం మీద తిప్పింది. తరువాత, పొయ్యివైపే చూస్తూ అన్నది:

“పెండ్లాం పోయినంక ఆయన చేతిల ఏముండె? సంత పాయె. కిరాయి కట్టలేక ఇల్లిడిసి పోత అన్నడు. ఇయ్యకుంటె ఇయ్యకు, ఉండు అంటె ఉండే మనిషా? బేరంల గెలిస్తెనే ఉంటడు. దశమభాగం దేవునిది గద. గుడిల కానుకల సంచిల ఏస్తెనే దేవునికి ముడుతదా? నేను గీడ ఏసిన. అగ్రిమెంటు అగ్రిమెంటుకు పదో వంతు.”

సంసోను నోరు తెరిచాడు. రాబడిలో దశమభాగమిచ్చినవారి పేర్లను ఏటా కోతపండుగనాడు, అక్కడివారు గుడి అని పిలిచే చర్చిలో, పైకి చదివేవారు. ఆ వరుసలో హేబ్సిబా పేరు చిట్టచివర, ఇచ్చినది నామమాత్రం. ఎంగిలిచేత్తో కాకిని తోలనిదని ఆమెకు పేరు. ఆ పేరు ఊళ్లో స్థిరపడడానికి పాటుపడినవారిలో సంసోను ముఖ్యుడు. ఆమె మీద ఒక హాస్యపు కథ కూడా అల్లి హోటల్లో చెప్పేవాడు.

“మరి చెప్పరాదక్కా! అందరి ముందట గీ మాటనే చెప్పు. అందరి నోళ్లు పడిపోతయ్.”

“చెప్తె ఇచ్చినట్టెట్లయితది? చెప్పుకున్ననాడే అది పాయె.” ఆమె రొట్టెను గుడ్డలో చుట్టింది. “ఇంక ఆయన? గింతకాలం గెలిచిన అనుకుంట బతికిండు. ఇయ్యాల బండెక్కేటపుడు, నువ్వు గెలవలే, నేను ధర్మం చేసిన అని చెప్పాల్నా? ఆ ముసలోడు చింతకి దాకా బతికి పోతడా? నన్ను ఊరు ఏమన్న అననియ్యి. అంటె అన్నరు.”

“నిన్నొక్కదాన్నే అంటలేరు గదా. రేపు చింతకిల కూతురు అత్తగారింట్ల ఆయన్ని గూడ అంటరు.”

ఆమె చేతులు తుడుచుకోవడం మరిచి, పిండి అంటిన చేతులతో అట్లాగే నిలబడింది.

“గింత దాచిపెట్టేదానివి నన్నెందుకు నడుమల పెట్టుకున్నవ్?” అన్నాడు సంసోను. “నేను ఏడనన్న నోరు జారితె?”

“జారినా ఎవ్వరు నమ్మరు సంసోనూ,” అన్నది ఆమె. “అందుకనే నిన్ను పెట్టుకున్న.”

ఆ మాటలో కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. జల్లెడలో నీళ్లు నిలవవన్నట్టుగా చెప్పింది. సంసోను ఆమె చెప్పులకోసం చూశాడు. ఆమె వట్టికాళ్లతో ఉన్నది.

*

అలవాటు ప్రకారం హోటల్‌కు పోయి కూర్చున్నాడు. అలవాటు ప్రకారం ఫోను తీసి, తన పేరు పక్కనున్న ఆకుపచ్చ టిక్కు బయటికి కనిపించేలా బల్ల మీద పెట్టుకున్నాడు. పక్కబల్ల వాళ్లు కూడా ఒక ఫోను మీద తలలు ఆనించి ఉన్నారు. ఏ గీతను చూస్తున్నారో అడగనక్కరలేదు.

“ఏం సంసోను మామా, మమ్ముల గూడ ఆ హేబ్సిబమ్మ ఇంట్ల పెట్టరాదు? ఏటేటా తగ్గుతదట గద!”

“నీ వయసుకు తగ్గది రా, ముసలోనికే తగ్గుతది!”

బల్ల మీది సాసర్లు గలగలమనేలా నవ్వారు. సంసోను కూడా నవ్వాడు. నవ్వినవారితో నవ్వడం అతని వృత్తిధర్మం. నవ్వు అయిన తరువాత చాయ్ ఎత్తబోయి, మళ్లీ కింద పెట్టి, టిక్కును చూశాడు. ఇంత చిన్న గుర్తు. తుడిస్తే పోయేలా ఉంటుంది. అతని వద్ద తనదని చెప్పుకోవడానికి అది తప్ప మరేమీ లేదు. ఇల్లు లేదు, మనుషులు లేరు, మాట ఎలాగూ లేదు. చాయ్ మీద మీగడ కట్టింది. అది తాగకుండానే లేచాడు. అతడు చాయ్ వదిలేయడం ఆ హోటల్ చరిత్రలో అదే మొదలని గల్లాపెట్టె దగ్గరివాడు తరువాత చాలామందికి చెప్పాడు.

*

మధ్యాహ్నానికి చింతకినుంచి టెంపో వచ్చింది. అందులోనుంచి దిగిన మొగులప్ప కూతురు పుష్పమ్మ మూటలవైపు చూడలేదు, హేబ్సిబా ముఖంవైపూ చూడలేదు. నేరుగా తండ్రి ముందుకు పోయి నిలబడింది.

“నాయినా, నీ గురించి ఫోన్ల ఏమొచ్చింది? మా ఆడిబిడ్డ చూపిస్తె నాకు తలకాయ కొట్టేసినట్టయింది.”

“నా బేరం గురించి వచ్చిందా?” మొగులప్ప ముఖం విప్పారింది. “చింతకి దాకా వచ్చిందా?”

పుష్పమ్మ పెదవి కొరుక్కున్నది. అప్పటికే ఈశ్వర్, మధులిక తిరిగివచ్చి వాకిట్లో ఉన్నారు. రాచమ్మ ఈసారి గిన్నె నెపం కూడా లేకుండా వచ్చింది. ఆమె వెనుక ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు. హేబ్సిబా రొట్టెల మూట పట్టుకుని గడపలో ఉన్నది. పుష్పమ్మ ఆమెవైపు తిరిగి, నోట రాని ప్రశ్నను కళ్లతో అడగబోతున్నది.

“నేను చెప్త,” అన్నాడు సంసోను.

వాకిలి మధ్యకు వచ్చి నిలబడ్డాడు.

“ఈ అక్కకు గుడి, ఇల్లు తప్ప ఇంకోటి ఎరుకలేదు. బయట కిరాయిలు ఎట్లున్నయో ఈమెకేం తెలుసు? ఏటేటా నేనే పోయి చెప్పిన. అక్కా, కిరాయిలు పడిపోయినయ్, మనుషులు దొరుకుతలేరు, ఈ మొగులప్పను పోగొట్టుకుంటె నీ ఇంట్ల గబ్బిలాలు కాపురముంటయ్ అని చెప్పిన. ఈమె నమ్మింది.”

“అట్లెందుకు చెప్పిండ్రు?” అన్నది మధులిక.

“అగ్రిమెంటు అయితెనే నాకు రెండు దిక్కుల దలాలి. బేరం చెడితె నాకేముంటది? ఈ ముసలామె మునిగితె నాకేంది?”

వాకిలి ఒక్క క్షణం కూడా సందేహించలేదు. చెప్పినవాడు సంసోను, చెప్పినది సంసోను చేయదగిన పని, ఇంతకన్న సాక్ష్యమెందుకు? వారం రోజులు పాడుమాటను నమ్మినవారే, అంతే సుఖంగా, నాలుక కూడా మార్చకుండా, ఈ మాటను నమ్మారు.

“నాకు ముందునుంచే డౌటుండె!” అన్నది రాచమ్మ. ఏ డౌటూ ఆమెకు ఎన్నడూ లేదు. “థూ, నీ బతుకు జెడ! మొగడు లేని ఆడిదాన్ని ముంచుతవా? గుడికొస్తవ్, బైబులు వట్టుకుంటవ్! అక్కా, నువ్వు గింత అమాయకురాలివేందే!”

ఆడవాళ్లు హేబ్సిబా చుట్టూ చేరారు. పుష్పమ్మ వంగి మొదటి మూట ఎత్తింది. హేబ్సిబా ఏదో అనబోయింది.

“నువ్ ఊకో అక్కా,” అన్నాడు సంసోను గట్టిగా. “నీకేమెరుకలేదు.”

ఇక మిగిలినది మొగులప్ప. ఆయన ముఖం వాడిపోయింది. “అంటె, నా బేరం?” అన్నాడు మెల్లగా.

“నీ బేరం నీదే మామా. నేను చెప్పంగ ఈమె గింతంతనే దిగుతుండె. కడమదంత నీ చేతి ఏళ్లే దించినయ్. నా చెయ్యి ఇప్పటికి నొస్తది.”

“అట్లను!” అన్నాడు మొగులప్ప. మళ్లీ మీసం మీదికి చెయ్యి పోయింది. “నువ్ లేకున్నా గెలుస్తుంటిరా నేను. బేకార్‌గ నడుమల జొర్రినవ్.”

ఈ గొడవలో ఎవరూ గమనించని పని ఒకటి మధులిక చేసింది. లోకాన్ని చక్కదిద్దే అవకాశం బొటనవేలి కిందికి వస్తే వదులుకోని తరానికి చెందినది ఆమె. ఈ ఏజెంటు ఒక వృద్ధ వితంతువును ఏళ్లతరబడి మోసగించాడని, తన ఎదుటనే ఒప్పుకున్నాడని, కంపెనీకి అక్కడికక్కడే ఫిర్యాదు రాసి పంపింది. “ఇట్లాంటోళ్లను ఇడువద్దు,” అన్నది భర్తతో. పరాయి మనిషి బతుకును చెరపడానికి చాయ్ చల్లారేటంత సేపు కూడా పట్టలేదు. గోరు మీది రంగు కూడా చెదరలేదు.

ఈశ్వర్ అంతకన్న వ్యవహారజ్ఞుడు. మోసపోయిన ఇల్లాలిమీద జాలి ఇంకా వాకిట్లో వెచ్చగా ఉండగానే ఆమెను పక్కకు పిలిచాడు.

“ఆంటీ, మరి ఆ పాత రేటుకే మాకిస్తరా? మేము మంచి ఫ్యామిలీ.”

హేబ్సిబా అతణ్ణి పైనుంచి కిందికి చూసింది. గల్లీలో నడుస్తున్న కిరాయి ఎంతో, పెరిగిన పైసలతో సహా, తడుముకోకుండా చెప్పింది. “ఒక్క రూపాయి తగ్గది. ఇష్టమైతె ఉండుండ్రి,” అన్నది. వారు ఉన్నారు. గీతలోని మచ్చకు కారణం తెలిసింది గనుక ఆ ఇల్లు వారికి చాలా బాగున్నట్టు తోచింది. అప్పటికీ బావిలోకి తొంగిచూడలేదు.

టెంపోలో మూటల మీద మొగులప్పను ఎక్కించారు. ఆయన హేబ్సిబాను దగ్గరికి పిలిచాడు.

“ఏమనుకోకు హేబ్సిబమ్మా. నిన్ను చాన ముంచిన.”

“ముంచినవు మొగులన్నా,” అన్నది ఆమె, రొట్టెల మూట అందిస్తూ. “నీతోని బేరం నావల్ల కాలే.”

టెంపో గల్లీ మలుపు తిరిగేదాకా ఆయన వెనక్కి చూసి నవ్వుతూనే ఉన్నాడు.

*

సాయంకాలానికి టిక్కు పోయింది. మరునాటికి ఫోటో పోయింది, పేరు పోయింది. ఆ పై ఆదివారం గుడిలో సంసోను కూర్చున్న బల్ల మీద అతని పక్కన ఎవరూ కూర్చోలేదు. నవ్వేవారు కూడా తగ్గారు. మోసగాడితో నవ్వితే తమకూ అంటుకుంటుందని భయం. ఇళ్ల తాళంచెవులు ఒక్కొక్కటిగా వెనక్కి తీసుకున్నారు. హేబ్సిబా అప్పుడప్పుడు గిన్నెలో కూర పంపేది. అతడు గిన్నె కడిగి వెనక్కి పంపేవాడు. ఆ విషయం వారిద్దరి మధ్య మళ్లీ రాలేదు.

సంసోనుకు లేని గొప్పతనాన్ని అంటగట్టడం తగదు. జీవితమంతా చెప్పినదే ఆనాడూ చెప్పాడు: అబద్ధం. ఉత్తముడు చెప్పి ఉంటే ఆ అబద్ధం నిలిచేది కాదు. ఇటువంటి పని ఆయన చేయడని ఎవరో ఒకరు అడ్డుపడేవారు. ఏళ్లతరబడి కూడబెట్టుకున్న అపకీర్తిని ఒక్కసారిగా తీసి, ఒక ముదుసలి పేరు మీదా, మరొక ముదుసలి మీసం మీదా ఖర్చుపెట్టాడు. అంతే.

వానలు వెనకపట్టినప్పుడు సంసోను కమఠాణలో, చెల్లెలి ఇంట్లో, అన్నం తిని పడుకుని, లేవలేదు.

శవపేటికను మంగళ్‌పేట గుడికి తెచ్చారు; భూస్థాపనకు వచ్చినవారు కొద్దిమంది. సమాధితోటకు తీసుకుపోకముందు, చనిపోయినవారిని గురించి సంఘంలో ఎవరైనా లేచి సాక్ష్యం చెప్పడం అక్కడి ఆచారం. పాస్టరు పాల్ రెండుసార్లు అడిగాడు. ఎవరూ లేవలేదు. చెల్లెలు తల వంచుకుని కూర్చున్నది. ఇక ప్రార్థన మొదలుపెట్టబోతుండగా హేబ్సిబా లేచి, ముందుకు నడిచి, పెట్టె పక్కన నిలబడింది.

“సంఘపోళ్ల ముందట చెప్తున్న,” అన్నది. “ఈ సంసోను నాకొక మేలు చేసిండు. అదేందని అడగకుండ్రి, చెప్పను. చేసిండని మాత్రం రాసుకోండ్రి పాస్టరయ్యా.”

వెనుక బల్లల్లో గుసగుస లేచింది. తనను ముంచినవాణ్ణి సైతం క్షమించిన మహాతల్లి అని రాచమ్మ కళ్లొత్తుకున్నది. అది పూర్తిగా తప్పు, హేబ్సిబా దిద్దలేదు. పాస్టరు కొంత తటపటాయించి, ఆమె కదలకపోవడం చూసి, సంఘపు పుస్తకంలో తన చేతిరాతతో వ్రాశాడు: “కమఠాణలో నిద్రించిన సహోదరుడు సంసోను, సహోదరి హేబ్సిబాకు చేసిన మేలు సంఘం ఎదుట ఒప్పుకొనబడినది.” ఆమె దాన్ని చదివించుకుని విని, అప్పుడు తన చోటికి పోయి కూర్చున్నది.

కంపెనీవారు సంసోను పేరున్నవన్నీ తుడిచివేశారు గాని ఇళ్ల బొమ్మలను తీసివేయలేదు. ఇప్పటికీ ఆ ఇంటి పుటలో, దిగుతూ పోయిన గీతకు పైన, మొగులప్ప పాత బీరువా ఉన్న గది ఫోటో ఉన్నది. బీరువా తలుపు అద్దంలో, వెడల్పాటి కాలరు చొక్కా వేసుకుని, ముఖానికి అడ్డంగా ఫోనును రెండు చేతులా జాగ్రత్తగా పట్టుకుని ఒక మనిషి నిలబడి ఉన్నాడు.